బైనాన్స్ బీటీసీయూఎస్‌డీటీ పర్పెచువల్ ఫ్యూచర్స్: అసలు ఖర్చు ఎక్కడ పడుతుంది?

నిఫ్టీ ఫ్యూచర్స్ అలవాటున్నవాళ్లు క్రిప్టో ఎక్స్ఛేంజ్ బైనాన్స్‌లో బీటీసీయూఎస్‌డీటీ పర్పెచువల్ (బిట్‌కాయిన్ ధర మీద నడిచే ఫ్యూచర్స్ కాంట్రాక్టు) తెరవగానే ముందు వెతికేది ఎక్స్‌పైరీ, అంటే గడువు తేదీ. అది ఉండదు. ఈ నెల కాంట్రాక్టు మూసి వచ్చే నెలది తీసుకునే రోలోవర్ పని లేదు. మార్జిన్ (పూచీగా కట్టే సొమ్ము) ఉన్నంతకాలం పొజిషన్ (తీసుకున్న ట్రేడ్) నడుస్తూనే ఉంటుంది. ఆదివారం, పండగ, అర్ధరాత్రి అన్న తేడా లేదు. 2019 సెప్టెంబరులో మొదలైన ఈ కాంట్రాక్టు ఇప్పుడు క్రిప్టో డెరివేటివ్స్‌లో అత్యధికంగా చేతులు మారేవాటిలో ఒకటి. ఆర్డర్ బుక్ (కొనే, అమ్మే ఆర్డర్ల పట్టిక) లోతుకు వంక పెట్టలేం. టిక్, అంటే ధర కదిలే కనీస మెట్టు, 0.1 డాలరు. మామూలు సమయాల్లో బిడ్‌కీ (కొనేవాళ్ల ధర) ఆస్క్‌కీ (అమ్మేవాళ్ల ధర) మధ్య తేడా తరచుగా ఆ ఒక్క టిక్కే.

వంక పెట్టాల్సిన చోటు వేరే ఉంది. తెర మీద కొట్టొచ్చినట్టు కనబడేది లీవరేజ్ అంకె (మార్జిన్‌కు ఎన్ని రెట్ల పొజిషన్ అన్నది), దాని పక్కన మీరు పెట్టే మార్జిన్. ఫీజు, ఫండింగ్ (ట్రేడర్లు ఒకరికొకరు కట్టుకునే సొమ్ము), లిక్విడేషన్ (మార్జిన్ చాలనప్పుడు ఎక్స్ఛేంజ్ పొజిషన్‌ను బలవంతంగా మూసేయడం) ఛార్జీ మాత్రం మార్జిన్ మీద పడవు, పొజిషన్ మొత్తం విలువ మీద పడతాయి. 20 డాలర్లు పెట్టి 1,000 డాలర్ల పొజిషన్ తీసుకున్నవాడు 1,000 డాలర్లకు ఖర్చు కడుతున్నాడు. ఈ కాంట్రాక్టులో డబ్బు పోగొట్టుకునేవాళ్లలో చాలామంది మార్కెట్ దిశ తప్పి పోగొట్టుకున్నామనుకుంటారు. లెక్క తీస్తే అందులో ఈ ఖర్చుల వాటా కూడా ఉంటుంది.

లోపలి అమరిక

కనీస పరిమాణం 0.001 బిట్‌కాయిన్. మార్జిన్ యూఎస్‌డీటీలో (డాలరు విలువకు కట్టిన కాయిన్) పెడతారు, లాభనష్టాలూ యూఎస్‌డీటీలోనే వస్తాయి. కాయిన్ చేతికి రాదు. లెక్క తేలిగ్గా ఉండటానికి బిట్‌కాయిన్ ధర 1,00,000 డాలర్లు అనుకుందాం. 0.01 బీటీసీ (బిట్‌కాయిన్) లాంగ్ తీసుకుంటే, అంటే ధర పెరుగుతుందని కొంటే, పొజిషన్ విలువ 1,000 డాలర్లు. ధర 1,000 డాలర్లు పెరిగితే 10 డాలర్ల లాభం, తగ్గితే 10 డాలర్ల నష్టం. 5 రెట్ల లీవరేజ్ పెట్టినా 50 రెట్లు పెట్టినా ఈ 10 డాలర్లు మారవు. మారేదల్లా ఆ పొజిషన్ కోసం పక్కన కట్టిపెట్టే మార్జిన్: 5 రెట్లకు 200 డాలర్లు, 50 రెట్లకు 20 డాలర్లు. లీవరేజ్ పెంచితే లాభం పెరుగుతుందని చెప్పే యూట్యూబ్ వీడియోలు చాలా ఉన్నాయి. పొజిషన్ సైజు మారనంతవరకు లాభమూ మారదు.

గడువు లేని ఫ్యూచర్స్ అన్న ఆలోచన క్రిప్టో కంటే పాతది. స్పాట్ మార్కెట్ (అప్పటికప్పుడు అసలు వస్తువునే కొని అమ్మే మార్కెట్) సరిగ్గా లేని ఇళ్ల ధరల వంటి వాటి కోసం ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ 1990ల మొదట్లోనే దీన్ని ప్రతిపాదించారు. ఆచరణలో జనంలోకి తెచ్చింది బిట్‌మెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్, 2016 మే నెలలో. ఇవాళ అన్ని ఎక్స్ఛేంజీల్లో కనబడే ఫండింగ్ పద్ధతికి మూలం ఆ కాంట్రాక్టే.

ఫండింగ్

మామూలు ఫ్యూచర్స్‌లో ఎక్స్‌పైరీ రోజు వచ్చేసరికి ఫ్యూచర్ ధర స్పాట్ ధరతో కలిసిపోక తప్పదు. పర్పెచువల్‌లో ఆ రోజే లేదు. మరి ధర స్పాట్‌కు దూరంగా కొట్టుకుపోకుండా ఆపేదేమిటి? ఫండింగ్. కాంట్రాక్టు ధర స్పాట్ ఇండెక్స్ (పలు ఎక్స్ఛేంజీల స్పాట్ ధరలతో కట్టిన అంకె) కంటే పైన ఉంటే లాంగ్ పెట్టినవాళ్లు షార్ట్ పెట్టినవాళ్లకు (ధర తగ్గుతుందని అమ్మినవాళ్లకు) డబ్బు కడతారు. కింద ఉంటే షార్ట్‌లు లాంగ్‌లకు కడతారు. ఎక్కువ మంది ఉన్న వైపు నిలబడటం ఖరీదవుతుంది, ఎదుటి వైపుకు వచ్చేవాళ్లకు ఆదాయం వస్తుంది, ధర మళ్లీ ఇండెక్స్ దగ్గరికి వస్తుంది. ఈ డబ్బులో బైనాన్స్ కమిషన్ తీసుకోదు. ఒక ట్రేడర్ జేబు నుంచి నేరుగా ఇంకో ట్రేడర్ జేబుకు వెళుతుంది. 

ఈ కాంట్రాక్టుకు 8 గంటలకోసారి లెక్క తేలుస్తారు. మన టైమ్ ప్రకారం ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. సరిగ్గా ఆ క్షణానికి పొజిషన్ తెరిచి ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. 9:25కి మూసినవాడు ఏమీ కట్టడు, 9:29కి తెరిచినవాడు మొత్తం కడతాడు. లెక్కలో కొన్ని సెకన్ల తేడా రావచ్చు కాబట్టి చివరి నిమిషం మీద ఆధారపడొద్దు.

రేటులో రెండు భాగాలుంటాయి. ఒకటి వడ్డీ భాగం: రోజుకు 0.03%, అంటే 8 గంటలకు 0.01%. రెండోది ప్రీమియం: కాంట్రాక్టు ధర ఇండెక్స్‌కు ఎంత దూరంలో ఉందో 8 గంటల పాటు కొలిచి తీసిన సగటు. ఈ సగటులో చివరి గంటల కొలతలకు బరువు ఎక్కువ. ఈ రెండింటినీ కలిపే చోట ఒక బిగింపు ఉంది: వడ్డీలోంచి ప్రీమియం తీసేస్తే వచ్చే తేడాను ప్లస్ లేదా మైనస్ 0.05% దాటనివ్వరు. ఆ బిగించిన తేడాను ప్రీమియానికి కలిపితే రేటు వస్తుంది. ఫలితం ఏమిటంటే, ప్రీమియం మైనస్ 0.04% నుంచి ప్లస్ 0.06% మధ్య ఎక్కడున్నా రేటు కచ్చితంగా 0.01% దగ్గరే నిలుస్తుంది. అందుకే రోజుల తరబడి అదే అంకె కనబడుతుంది. ప్రీమియం 0.10%కి చేరితే రేటు 0.05% అవుతుంది.

0.01% అన్నది చూడటానికి ఏమీ కాదు. మన ఊళ్లలో వడ్డీ చెప్పుకునే లెక్కలోకి మార్చి చూడండి. రోజుకు మూడుసార్లు, నెలకు 30 రోజులు: 0.9%. అంటే నూటికి నెలకు తొంభై పైసలు. అయితే అది పొజిషన్ మొత్తం మీద. 10 రెట్ల లీవరేజ్‌లో ఉంటే మీరు పెట్టిన సొమ్ము మీద నూటికి తొమ్మిది రూపాయలు. బుల్ రన్‌లో (ధరలు ఎగబాకే కాలంలో) అందరూ లాంగ్ వైపు ఎగబడి రేటు 0.05% దగ్గర నిలబడిపోతే పొజిషన్ మీద నూటికి నాలుగున్నర, 10 రెట్ల మార్జిన్ మీద నూటికి నలభై ఐదు. ఏ ఫైనాన్స్ కంపెనీ గుమ్మం ముందైనా ఇంత వడ్డీ విన్నవాళ్లు వెనక్కి తిరుగుతారు. తెర మీద సున్నా, చుక్క, సున్నా తర్వాత వచ్చే అంకె కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బైనాన్స్ ఈ రేటును మీ మార్జిన్ మీద శాతంగా కూడా ఆర్డర్ తెరలోనే చూపించి ఉంటే ఈ కాంట్రాక్టుకు మరో స్టార్ ఇవ్వొచ్చు.

ఇంకో సంగతి: వాలెట్లో మిగులు లేకపోతే ఫండింగ్ మార్జిన్ నుంచే పోతుంది. మార్జిన్ తగ్గిన కొద్దీ లిక్విడేషన్ ధర మీ వైపు జరుగుతుంది. లాంగ్ తీసుకుని, ధర అక్కడక్కడే తిరుగుతున్నా వారాల తరబడి పట్టుకు కూర్చున్న పొజిషన్ చివరికి చిన్న కుదుపుకే ఎగిరిపోవడానికి ఇదొక కారణం.

చిన్న కాయిన్ల కాంట్రాక్టుల్లో ఫండింగ్ 4 గంటలకోసారి, ఒక్కోసారి గంటకోసారి ఉంటుంది. రేటు అంకెతో పాటు పక్కనున్న కౌంట్‌డౌన్ కూడా చూడాలి. గంటకు 0.01% అంటే రోజుకు 0.24%. 8 గంటలకు 0.01%తో దాన్ని పోల్చడానికి లేదు. డీసెంట్రలైజ్డ్ (ఒక కంపెనీ చేతిలో లేకుండా బ్లాక్‌చెయిన్ మీద నడిచే) వేదిక హైపర్‌లిక్విడ్‌లో అన్ని కాంట్రాక్టులకూ గంటకోసారే కడతారు. అక్కడ రేటును 8 గంటల లెక్కన తీసి, గంటగంటకు ఎనిమిదో వంతు వసూలు చేస్తారు.

ట్రేడింగ్ ఫీజు

మామూలు ఖాతాకు టేకర్ 0.05%, మేకర్ 0.02%. మార్కెట్ ఆర్డర్ (ఉన్న ధరకు వెంటనే) కొడితే టేకర్. ఆర్డర్ బుక్‌లో లిమిట్ ఆర్డర్ (ఫలానా ధరకే అని) పెట్టి, ఎదుటివాడు వచ్చి నింపేదాకా ఆగితే మేకర్. 1,000 డాలర్ల పొజిషన్‌లోకి మార్కెట్ ఆర్డర్‌తో వెళ్లి మార్కెట్ ఆర్డర్‌తో బయటికొస్తే మొత్తం 1 డాలరు. 10 రెట్లకు 100 డాలర్ల మార్జిన్ మీద అది 1%. 50 రెట్లకు 20 డాలర్ల మీద 5%. 100 రెట్లకు 10 డాలర్ల మీద 10%. అంటే 100 రెట్ల స్కాల్పింగ్‌లో (నిమిషాల్లో తీసుకుని మూసే ట్రేడింగ్) ప్రతి ట్రేడూ పది శాతం నష్టంతో మొదలవుతుంది. మన దేశపు ఎక్స్ఛేంజీల్లో ఫీజు మీద 18% జీఎస్టీ కూడా కలుస్తుంది. 0.05% అనుకున్నది 0.059% అవుతుంది.

తగ్గించుకునే దారి పోస్ట్ ఓన్లీ గుర్తు. అది టిక్ చేస్తే, మీ లిమిట్ ఆర్డర్ వెంటనే ఎదుటి ఆర్డర్‌కు తగిలేలా ఉంటే నింపకుండా రద్దు చేస్తుంది. టేకర్ ఫీజు పడే అవకాశమే ఉండదు. లోపలికి వెళ్లేటప్పుడు ఇది వాడాలి. స్టాప్‌లాస్‌తో (ధర ఫలానా చోటికి పడితే మూసేయమనే ఆర్డర్) బయటికొచ్చేటప్పుడు మాత్రం పైసలు చూసుకోవద్దు. మార్కెట్ ఆర్డరే పెట్టాలి.

లిక్విడేషన్ ఎక్కడ తగులుతుంది

చిన్న పొజిషన్లకు మెయింటెనెన్స్ మార్జిన్ (పొజిషన్ నిలవడానికి ఉండాల్సిన కనీస మార్జిన్) 0.4%గా తీసుకుని, పైన చెప్పిన 0.01 బీటీసీ లాంగ్‌కు ఐసోలేటెడ్ మోడ్‌లో (దానికి కేటాయించిన మార్జిన్ మాత్రమే వాడే పద్ధతి) లెక్క వేస్తే ఇలా వస్తుంది. 3 రెట్లకు లిక్విడేషన్ 66,934 దగ్గర, 10 రెట్లకు 90,361 దగ్గర, 50 రెట్లకు 98,394 దగ్గర, 100 రెట్లకు 99,398 దగ్గర. 125 రెట్లకు 99,598. అంటే ధర 0.4% కదిలితే చాలు. బిట్‌కాయిన్ ఏ వార్తా లేకుండా గంటలో అంత కదులుతుంది. పొజిషన్ పెరిగే కొద్దీ శ్లాబులు మారి మెయింటెనెన్స్ మార్జిన్ పెరుగుతుంది, అనుమతించే లీవరేజ్ తగ్గుతుంది. కాబట్టి పెద్ద పొజిషన్లకు ఈ అంకెలు ఇంకా దగ్గరికొస్తాయి.

ఇక్కడ చూసే ధర చార్టులో కనబడే చివరి ట్రేడ్ ధర కాదు, మార్క్ ప్రైస్. పలు స్పాట్ ఎక్స్ఛేంజీల ధరలతో ఇండెక్స్ కడతారు. ఆ ఇండెక్స్‌కు రాబోయే ఫండింగ్ వాటా కలిపిన ధర ఒకటి, ఇండెక్స్‌కు ఇటీవలి సగటు తేడా కలిపిన ధర ఒకటి, కాంట్రాక్టు చివరి ధర ఒకటి. ఈ మూడింటిలో మధ్యదే మార్క్ ప్రైస్. ఒక్క పెద్ద అమ్మకంతో చార్టులో పొడవాటి వత్తి (ధర క్షణంలో పడి లేచిన గుర్తు) పడినా మూడింటిలో రెండు కదలకపోతే మార్క్ పెద్దగా కదలదు. ఈ కాంట్రాక్టు డిజైన్‌లో మెచ్చుకోవాల్సిన భాగం ఇదే. చార్టులో ధర లిక్విడేషన్ గీత దాటినా పొజిషన్ బతికి ఉండటానికి, చార్టు గీతను తాకకుండానే పొజిషన్ పోవడానికి కూడా ఇదే కారణం.

స్టాప్‌లాస్ పెట్టేటప్పుడు ట్రిగర్ లాస్ట్ ప్రైసా, మార్క్ ప్రైసా అని అడుగుతుంది. లాస్ట్ పెడితే వత్తులకు అనవసరంగా బయటపడతారు. మార్క్ పెడితే హఠాత్తుగా పడే మార్కెట్‌లో ట్రిగర్ కాస్త ఆలస్యమై, అప్పటికే దిగిపోయిన ధరకు అమ్ముడవుతుంది. లిక్విడేషన్ మార్క్ మీదే నడుస్తుంది కాబట్టి, స్టాప్ లిక్విడేషన్‌కు దగ్గరగా ఉంటే మార్క్ తీసుకోవాలి. దూరంగా ఉండి, చిన్న కాయిన్ అయితే కూడా మార్కే మేలు. బీటీసీయూఎస్‌డీటీలో 10 రెట్ల లోపు పొజిషన్‌కు ఏది తీసుకున్నా పెద్ద తేడా రాదు.

లిక్విడేషన్ దాకా పోనివ్వడం స్టాప్‌లాస్‌కు ప్రత్యామ్నాయం కాదు. లిక్విడేషన్‌కు వేరే ఫీజు ఉంది, అది కూడా మొత్తం పొజిషన్ విలువ మీదే పడి ఇన్సూరెన్స్ ఫండ్‌కు (లిక్విడేషన్లలో వచ్చే తరుగు భరించే నిధి) వెళుతుంది. అదే ధర దగ్గర మీరే బయటికొస్తే 0.05%తో పోయేది.

క్రాస్, ఐసోలేటెడ్

కొత్త ఖాతాల్లో నష్టాలు ఈ ఒక్క బటన్ దగ్గరే మొదలుకావచ్చు. ఐసోలేటెడ్‌లో ఆ పొజిషన్‌కు కేటాయించిన మార్జిన్ వరకే పోతుంది. క్రాస్‌లో ఫ్యూచర్స్ వాలెట్లో ఉన్న మొత్తం ఆ పొజిషన్‌కు దన్నుగా ఉంటుంది. వాలెట్లో 500 డాలర్లు ఉండి, క్రాస్‌లో 0.01 బీటీసీ లాంగ్ తీసుకుంటే లిక్విడేషన్ 50,201 దగ్గర వస్తుంది. లీవరేజ్ మీట 5 దగ్గర ఉన్నా 50 దగ్గర ఉన్నా అంతే. క్రాస్‌లో లీవరేజ్ అంకె చేసే పని, ఎంత మార్జిన్ కట్టిపెట్టాలో చెప్పడం వరకే. లిక్విడేషన్ దూరంగా ఉందని ధైర్యపడి, మిగిలిన మార్జిన్‌తో ఇంకో మూడు కాయిన్లు లాంగ్ పెడితే నాలుగూ కలిసి ఒకే వాలెట్‌ను తింటాయి. మార్కెట్ పడినప్పుడు కాయిన్లన్నీ కలిసే పడతాయి.

సరైన వరస ఇలా ఉండాలి. ముందు ఎంత పోయినా తట్టుకోగలరో రూపాయల్లో తేల్చుకోండి. స్టాప్ ఎంత దూరంలో పెట్టాలో చార్టు చూసి తేల్చండి. అప్పుడు సైజు వస్తుంది, చివర్లో లీవరేజ్ వస్తుంది. 10 డాలర్ల వరకు నష్టం సరే, స్టాప్ 2% కింద అనుకుందాం. రెండు వైపుల టేకర్ ఫీజు 0.1% కలిపితే 2.1%. పదిని దానితో భాగిస్తే పొజిషన్ 476 డాలర్లు. 0.001 మెట్లలోకి దించితే 0.004 బీటీసీ, అంటే 400 డాలర్లు. దీనికి 5 రెట్లు పెట్టి ఐసోలేటెడ్‌లో తెరిస్తే మార్జిన్ 80 డాలర్లు, లిక్విడేషన్ 80,321 దగ్గర. స్టాప్ 98,000 దగ్గర ఉంది కాబట్టి రెండింటి మధ్య కావలసినంత చోటుంది. స్టాప్ కంటే ముందే లిక్విడేషన్ వచ్చేలా లీవరేజ్ పెడితే ఆ స్టాప్ అలంకారమే.

అందరి పొజిషన్లూ ఒకేసారి కూలితే

లిక్విడేషన్ ఇంజిన్ పొజిషన్‌ను దివాలా ధర (మార్జిన్ పూర్తిగా అయిపోయే ధర) కంటే మెరుగ్గా అమ్మలేకపోతే తరుగు ఇన్సూరెన్స్ ఫండ్ భరిస్తుంది. ఫండ్ కూడా చాలదనుకుంటే ఆటో డీలెవరేజింగ్, ట్రేడర్ల మాటల్లో ఏడీఎల్. లాభంలో ఉన్న ఎదుటి వైపువాళ్ల పొజిషన్లను ఎక్స్ఛేంజ్ బలవంతంగా మూసేస్తుంది. లాభ శాతం, లీవరేజ్ రెండూ ఎక్కువున్నవాళ్లు వరసలో ముందుంటారు. పొజిషన్ల పట్టీలో ఏడీఎల్ అనే చిన్న దీపాల వరస ఉంటుంది. అన్నీ వెలిగి ఉంటే మీరు ముందు వరసలో ఉన్నట్టు.

2025 అక్టోబరు 10న ఇది పుస్తకాల్లోంచి బయటికొచ్చింది. చైనా దిగుమతుల మీద అదనంగా 100% సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించాక, మన టైమ్ ప్రకారం 11వ తేదీ తెల్లవారుజామున, ఆరోజు 1,20,000 డాలర్ల పైన తిరిగిన బిట్‌కాయిన్ 1,05,000 కిందికి జారింది. క్రిప్టో డేటా సంస్థ కాయిన్‌గ్లాస్ లెక్కన ఒక్క రోజులో దాదాపు 1,900 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. పలు వేదికల్లో ఏడీఎల్ నడిచింది. ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లలో జాగ్రత్తపరులు కూడా ఉన్నారు: స్పాట్ కొని, దానికి రక్షణగా షార్ట్ పెట్టుకున్నవాళ్లు. షార్ట్ లాభంలో ఉంది కాబట్టి ఏడీఎల్ దాన్నే మూసేసింది. చేతిలో మిగిలింది పడిపోతున్న స్పాట్ ఒక్కటే.

అదే రోజు బైనాన్స్‌లో యూఎస్‌డీఈ అనే డాలర్ కాయిన్ (ఒక డాలరు దగ్గరే నిలవాల్సినది) ధర 65 సెంట్ల దాకా పడింది. దాన్ని మార్జిన్‌గా పెట్టినవాళ్లకు, తీసుకున్న పొజిషన్‌తో సంబంధం లేకుండా పూచీ విలువ కరిగి లిక్విడేషన్ వచ్చింది. దాని విలువను బైనాన్స్ తన సొంత ఆర్డర్ బుక్ ధరతో కట్టడం లోపమని తేలి, తర్వాత సుమారు 28.3 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. వడ్డీ వచ్చే కాయిన్లనూ, స్టేకింగ్ కాయిన్లనూ మార్జిన్‌గా పెట్టే సౌకర్యం మల్టీ అసెట్స్ మోడ్‌లో ఊరిస్తుంది. మార్జిన్‌కు యూఎస్‌డీటీ మాత్రమే వాడటం మేలు.

కాయిన్నే మార్జిన్‌గా పెట్టే కాంట్రాక్టులు కూడా ఉన్నాయి, వాటిని కాయిన్ ఎం అంటారు. అక్కడ లాంగ్ తీసుకుంటే ధర పడినప్పుడు నష్టమూ పెరుగుతుంది, మార్జిన్ విలువా తగ్గుతుంది. రెండు దెబ్బలు. ఆ కాంట్రాక్టు సరిగ్గా సరిపోయేది ఒక్కరికే: ఉన్న బిట్‌కాయిన్‌ను అమ్మకుండా దాని డాలరు విలువను కొంతకాలం కట్టేసుకోవాలనుకునేవాళ్లకు. 1 రెట్టు షార్ట్ పెడితే ధర ఎంత పెరిగినా మార్జిన్ విలువ దానితో పాటే పెరుగుతుంది, లిక్విడేషన్ బెడద దాదాపు ఉండదు.

చిన్న కాయిన్ల పర్పెచువల్స్‌కు మాత్రం ఈ సమీక్షలోని మంచి మాటలేవీ వర్తించవు. ఇండెక్స్ ఎంత గట్టిదో కాంట్రాక్టు అంతే గట్టిది. స్పాట్‌లో లోతు లేని కాయిన్ అయితే కొద్ది డబ్బుతో స్పాట్ ధర ఎగదోసి, పర్పెచువల్‌లోని షార్ట్‌లను లిక్విడేట్ చేయవచ్చు. 2025 మార్చిలో హైపర్‌లిక్విడ్‌లో జెల్లీ అనే మీమ్ కాయిన్ విషయంలో దాదాపు ఇలాగే జరిగింది. చివరికి వేలిడేటర్లు (ఆ వేదిక నెట్‌వర్క్‌ను నడిపేవాళ్లు) ఓటు వేసి ఆ కాంట్రాక్టునే తీసేశారు, తామే ఖరారు చేసిన ధరకు సెటిల్ చేశారు.

ఎవరికి పనికొస్తుంది

స్పాట్ కొని, అంతే పరిమాణం షార్ట్ పెట్టి ఫండింగ్ వసూలు చేసుకునే పద్ధతి ఈ కాంట్రాక్టులో అత్యంత నిలకడైన వాడకం. ఖర్చు లెక్క: స్పాట్ ఫీజు రెండు వైపులా 0.2%, ఫ్యూచర్స్ టేకర్ రెండు వైపులా 0.1%, మొత్తం 0.3%. ఫండింగ్ రోజుకు 0.03% వస్తుంటే ఖర్చు వెనక్కి రావడానికే 10 రోజులు పడుతుంది. రేటు మైనస్‌లోకి పోతే మీరే కట్టాలి. షార్ట్ వైపు 2 రెట్లకు మించి పెట్టొద్దు. ధర పెరిగితే స్పాట్‌లో లాభం కాగితం మీదే ఉంటుంది, షార్ట్ వైపు మాత్రం నిజమైన మార్జిన్ అడుగుతుంది.

ఇండియాలో ఉండి చేసేవాళ్లకు ఇది లాభం కాదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం స్పాట్ లాభం మీద 30% పన్ను, సెస్ అదనం. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ, మరే నష్టాన్నీ ఆ లాభంలోంచి తీసేయనివ్వరు. ధర పెరిగి స్పాట్‌లో 200 డాలర్లు వచ్చి, షార్ట్‌లో 200 పోతే చేతికొచ్చింది సున్నా, పన్ను మాత్రం 200 మీద. స్పాట్ అమ్మకాల మీద 2022 జూలై నుంచి 1% టీడీఎస్ ఉంది. యూఎస్‌డీటీని మళ్లీ రూపాయల్లోకి మార్చడం కూడా అమ్మకమే. రూపాయల్లో సెటిలయ్యే ఫ్యూచర్స్‌లో కాయిన్ చేతులు మారదు కాబట్టి ఈ టీడీఎస్ వర్తించదని మన ఎక్స్ఛేంజీలు చెబుతాయి. ఆ లాభాన్ని ఏ పద్దు కింద చూపాలో ఎక్స్ఛేంజ్ చాట్ సపోర్ట్‌ను కాకుండా మీ సీఏని అడగండి. ట్రేడ్ హిస్టరీతో పాటు ఫండింగ్ హిస్టరీ ఫైలు కూడా విడిగా డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. చాలామంది మొదటిది మాత్రమే ఇస్తారు, లెక్క కుదరదు.

బైనాన్స్ 2024లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడి, ఎఫ్ఐయూ ఇండియాలో (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) నమోదై మళ్లీ ఇక్కడ అందుబాటులోకి వచ్చింది. ఎఫ్ఐయూ నమోదు మనీ లాండరింగ్ నిఘా కోసం. మీ సొమ్ముకు అది రక్షణ కాదు. సెబీ పరిధిలో క్రిప్టో ఫ్యూచర్స్ లేవు, నిఫ్టీ ఫ్యూచర్స్‌కు ఉండే క్లియరింగ్ కార్పొరేషన్ హామీ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. ఎల్ఆర్ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద బ్యాంకు ద్వారా విదేశీ ఎక్స్ఛేంజీకి మార్జిన్ డబ్బు పంపడాన్ని ఆర్‌బీఐ అనుమతించదు. దాంతో జనం పీ2పీలో, అంటే మరో వ్యక్తికి నేరుగా రూపాయలు పంపి, యూఎస్‌డీటీ కొంటారు, అమ్మేదీ అలాగే. అక్కడ మరో ముప్పు: మీకు డబ్బు పంపిన వ్యక్తి ఖాతాకు సైబర్ మోసం సొమ్ము వచ్చి ఉంటే, ఏదో రాష్ట్రపు సైబర్ పోలీసుల లేఖతో మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. పీ2పీలో అమ్మేటప్పుడు ఈ ముప్పు కొనేటప్పటికంటే ఎక్కువ. జీతం పడే ఖాతాను దీనికి వాడొద్దు. పేరు సరిపోలని ఖాతా నుంచి డబ్బు వస్తే ఆర్డర్ విడుదల చేయకుండా అప్పీల్ పెట్టండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ కాంట్రాక్టు అందుబాటులో లేదు. దానికి దగ్గరగా ఉండేది కాయిన్‌బేస్ 2025 జూలైలో తెచ్చిన నానో బిట్‌కాయిన్ కాంట్రాక్టు: సైజు 0.01 బీటీసీ, 5 ఏళ్ల గడువు, గంటగంటకూ జమయ్యే ఫండింగ్. నియంత్రణ సీఎఫ్‌టీసీది, అంటే అమెరికా డెరివేటివ్స్ నియంత్రణ సంస్థది. బ్రిటన్‌లో సామాన్య మదుపరులకు 2021 జనవరి నుంచి క్రిప్టో డెరివేటివ్స్ అమ్మకంపై అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ నిషేధం ఉంది. వీపీఎన్‌తో ఖాతా తెరవబోయినా కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) దగ్గర ఆగిపోతుంది.

తెరవబోయేవాళ్లకు సెట్టింగుల్లో మార్చాల్సినవి: క్రాస్ నుంచి ఐసోలేటెడ్‌కు, డిఫాల్ట్ లీవరేజ్ నుంచి 3 లేదా 5కు, పొజిషన్ మోడ్ వన్ వేకు. హెడ్జ్ మోడ్‌లో ఒకే కాయిన్‌లో లాంగ్, షార్ట్ రెండూ విడిగా నిలబడతాయి. మూసేద్దామని అమ్మితే కొత్త షార్ట్ తెరుచుకుంటుంది, రెండింటికీ మార్జిన్ కట్టుకుపోతుంది. ఆర్డర్ పరిమాణం యూఎస్‌డీటీలో చూపిస్తున్నప్పుడు ఆ అంకె మార్జినా, మొత్తం పొజిషనా అని ఒకసారి నొక్కి చూసుకోండి. రెండు విధాలుగానూ పెట్టుకునే వీలుంది, 100 అనుకుని 1,000 కొనేది ఇక్కడే. ప్రతి స్టాప్‌కూ, టార్గెట్‌కూ రెడ్యూస్ ఓన్లీ (ఉన్న పొజిషన్‌ను తగ్గించడమే తప్ప కొత్తది తెరవదు) గుర్తు పెట్టండి. చేత్తో పొజిషన్ మూసేశాక ఓపెన్ ఆర్డర్స్ ట్యాబ్‌లోకి వెళ్లి మిగిలిపోయిన ఆర్డర్లను రద్దు చేయండి. రెడ్యూస్ ఓన్లీ లేని పాత స్టాప్ ఒకటి అక్కడ ఉండిపోతే, రెండు రోజుల తర్వాత ధర అటు వచ్చినప్పుడు మీరు అడగని షార్ట్ తెరుచుకుంటుంది. దానికి స్టాప్ ఉండదు.